గొరిల్లా యుద్ధమా, గెరిల్లా యుద్ధమా? అసలు ఈ మాట ఎక్కడిది?

ప్రూఫుల పంతులు
సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఒక పత్రికలో ప్రూఫులు దిద్దుతుంటాను. పదిహేనేళ్లుగా ఒక మాట నా ప్రాణం తోడేస్తోంది.

నిన్న తెలంగాణ సాయుధ పోరాటం మీద ఒక వ్యాసం వచ్చింది. ఒకే పేజీలో నాలుగు చోట్ల ‘గొరిల్లా దళాలు’, రెండు చోట్ల ‘గెరిల్లా దళాలు’, ఒక చోట ‘గొరెల్లా’. అన్నిటినీ ‘గెరిల్లా’ చేసి పంపాను. రాసినాయన పెద్దాయన. పొద్దున్నే ఫోన్ చేశారు. “బాబూ, గొరిల్లాలాగా చెట్ల చాటున పొంచి ఉండి మీద పడతారు కాబట్టే ఆ పేరొచ్చింది. మా రోజుల్లో అందరం గొరిల్లా అనే రాశాం, నువ్వెవడివి మార్చడానికి?” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. స్పానిష్ మాట అని ఎక్కడో చదివిన గుర్తు తప్ప నా దగ్గర సరుకు లేదు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్తే ఆయనకు మర్యాదగా జవాబిస్తాను.

అల్లరి అప్పిగాడు
సోమవారం, రాత్రి 10:31

గొరిల్లా పొంచి ఉండి మీద పడటం ఆయన ఎక్కడ చూశారండీ? పాపం అది రోజంతా ఆకులూ అలములూ నముల్తూ కూర్చునే జీవి. పులి యుద్ధం అన్నా ఒక అర్థం ఉండేది.

రిటైర్డ్ మాస్టారు
సోమవారం, రాత్రి 11:05

పంతులుగారూ, మీరు దిద్దిందే సరైనది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పినవాడిని, ఈ మాట పుట్టుక నాకు ఇష్టమైన పాఠం. కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

స్పానిష్‌లో ‘గెర్రా’ అంటే యుద్ధం. దానికి ‘ఇయ్యా’ అనే తోక తగిలిస్తే చిన్న యుద్ధం. రాయడం మాత్రం మన ‘ఇల్లా’ లాగే రాస్తారు. మాట స్పెయిన్‌లో ముందునుంచీ ఉన్నదే, ప్రపంచానికి పాకింది మాత్రం నెపోలియన్ పుణ్యాన.

1807లో పోర్చుగల్ మీదికి వెళ్తున్నామని చెప్పి ఫ్రెంచి సైన్యం స్పెయిన్‌లోకి దిగింది. వచ్చిన చుట్టం ఇల్లు ఖాళీ చేయలేదు. 1808 మే 2న మాడ్రిడ్ జనం తిరగబడ్డారు, మర్నాడు వాళ్లను గోడలకు నిలబెట్టి కాల్చారు. నెపోలియన్ తన అన్న జోసెఫ్‌ను తెచ్చి రాజుగా కూర్చోబెట్టాడు. ఆ జూలైలో బైలెన్ దగ్గర ఒక ఫ్రెంచి దళం మొత్తం లొంగిపోవడంతో స్పెయిన్ వాళ్లకు ధైర్యం వచ్చింది. అప్పుడు నెపోలియన్ స్వయంగా దిగాడు. సైన్యానికి సైన్యం ఎదురుగా నిలబడితే స్పెయిన్ గెలవలేదని తేలిపోయింది.

అక్కడి నుంచి మొదలైంది అసలు కథ. రైతులు, గొర్రెల కాపరులు, దొంగరవాణా చేసేవాళ్లు, ఫాదరీలు కూడా కొండదారుల్లో గుంపులు కట్టారు. టపా తీసుకెళ్లే రౌతును పట్టుకోవడం, తిండి గింజల బళ్లను కొల్లగొట్టడం, వెనకబడిన సిపాయిని లేపేయడం, సైన్యం వచ్చేసరికి ఊళ్లో కలిసిపోవడం. ఒక్క ఉత్తరం పంపాలంటే వందలమంది గుర్రపు రౌతులను కాపలా ఇవ్వాల్సిన గతి పట్టింది ఫ్రెంచివాళ్లకు. 1808 డిసెంబరులోనే స్పెయిన్ కేంద్ర జుంటా, అంటే ఫ్రెంచివాళ్లకు ఎదురుగా పాలన నడిపిన మండలి, ఈ గుంపులకు నియమాలు రాసి గుర్తింపు కూడా ఇచ్చింది. నెపోలియన్ తర్వాత స్పెయిన్‌ను మానని పుండుగా చెప్పుకున్నాడు.

ఈ దళపతుల్లో హువాన్ మార్తీన్ అనే రైతు ఉన్నాడు. ఆయన ఊరి వాగులో నల్లటి బురద ఎక్కువ. ఆ బురదను ‘పెసీనా’ అంటారు. అందుకని ఆ ఊరివాళ్లను చుట్టుపక్కల వాళ్లు ‘ఎంపెసినాదో’లని ఎగతాళి చేసేవారు, అంటే బురద పూసుకున్నవాళ్లు. ఆ ఎగతాళి పేరే ఆయనకు బిరుదయింది. ఎంత పట్టుదలగా పోరాడాడంటే స్పానిష్‌లో ఈనాటికీ మొండిపట్టు పట్టడాన్ని ‘ఎంపెసినార్సే’ అంటారు. అంటే బురద నుంచి మొండితనం పుట్టింది! అదే మనిషిని, ఎవరి సింహాసనం కోసం పోరాడాడో ఆ ఏడో ఫెర్నాండో రాజే 1825లో ఉరి తీయించాడు. ఈ ముక్క దగ్గర క్లాసులో పిల్లలు గప్‌చుప్ అయిపోయేవారు.

మాడ్రిడ్‌లో మనోడు
మంగళవారం, ఉదయం 6:12

మాస్టారూ, దండాలు. నేను చదువు కోసం మాడ్రిడ్ వచ్చి రెండేళ్లయింది. మీరు చెప్పిన మే 2 పేరుతో ఇక్కడ మలసాన్యా పేటలో ఒక చౌక్ ఉంది. తిరుగుబాటు రోజున జనం, సిపాయిలు కలిసి పోరాడిన ఆయుధాగారం ద్వారం ఒక్కటి మిగిలితే చౌక్ మధ్యలో అలాగే నిలబెట్టారు. ఇటుకల కమాను, దాని కింద ఇద్దరు సైనికాధికారుల విగ్రహాలు. సాయంత్రమైతే చుట్టూ పిల్లల ఆటలు, బీరు సీసాలు.

ఉచ్చారణ సంగతి చెప్తాను, ఎందుకంటే దాంతో నా పరువు పోయింది. భాష క్లాసులో చరిత్ర గురించి ఏదో మాట్లాడుతూ, తెలుగు అలవాటుకొద్దీ ‘గొరిల్లా’కు దగ్గరగా పలికాను. టీచర్ పగలబడి నవ్వింది. ఇక్కడ ‘గొరీలా’ అంటే జంతువుతో పాటు క్లబ్బుల గుమ్మం దగ్గర నిలబడే బౌన్సర్ కూడా. నెపోలియన్‌ను బౌన్సర్లు తరిమేశారని చెప్పినట్టయింది నా వాక్యం.

సరైన పలుకు ‘గెఱ్ఱీయా’. డబుల్ ఎల్‌ను ఇక్కడ ‘య’ లాగా పలుకుతారు. రెండు ఆర్‌లు వస్తే నాలుక గలగలా ఆడాలి. నాకు మొదట రాలేదు. మా తాతయ్య పాత పుస్తకాల్లో చూపించే బండి ‘ఱ’ గుర్తొచ్చి అది పట్టుకుని సాధన చేశా, వచ్చేసింది. శకటరేఫను మనం అటకెక్కించాం గానీ స్పెయిన్ వాళ్లు రోజూ వాడుతున్నారు.

నిఘంటువు నాగమణి
మంగళవారం, ఉదయం 9:40

మాస్టారుగారు యుద్ధం చెప్పారు, నేను మాట వెనకాల నడుస్తాను.

ముందు పంతులుగారి పెద్దాయనకు చెప్పాల్సిన ఒక్క ముక్క. ఇంగ్లీషులోకి గెరిల్లా వచ్చింది 1809లో. గొరిల్లా అనే జంతువుకు ఆ పేరు పెట్టింది 1847లో. థామస్ సావేజ్ అనే అమెరికన్ మిషనరీ పశ్చిమాఫ్రికాలో ఎముకలు సంపాదించి దాన్ని కొత్త జీవిగా వర్ణించాడు. పేరు మాత్రం పాత గ్రీకు పుస్తకంలోంచి తీశాడు. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో ఉత్తరాఫ్రికాలోని కార్తేజి నగరానికి చెందిన హన్నో అనే నావికుడు ఆఫ్రికా తీరం వెంట వెళ్లి, ఒంటినిండా వెంట్రుకలున్న మనుషులను చూశామని, వాళ్లను ‘గొరిల్లాయ్’ అంటారని రాయించాడు. ఆ మాట అది. అంటే జంతువును చూసి యుద్ధానికి పేరు పెట్టే వీలే లేదు. యుద్ధం పేరు వచ్చేనాటికి జంతువుకు ఇంకా నామకరణమే కాలేదు.

ఇక ‘గెర్రా’. స్పానిష్ లాటిన్ బిడ్డ కదా, లాటిన్‌లో యుద్ధం ‘బెల్లుమ్’. ఆ మాట ఏమైపోయింది? రోమ్ సామ్రాజ్యం కూలేకాలంలో జర్మానిక్ తెగలవాళ్లు వచ్చి దాన్ని తోసేశారు. వాళ్ల మాట ‘వెర్రా’, అర్థం గందరగోళం, కలహం. ‘వ’తో మొదలయ్యే జర్మానిక్ మాటలు లాటిన్ సంతతి భాషల్లోకి వెళ్తే ‘గ్వ’ అయి, తర్వాత చాలా చోట్ల ‘గ’ అయిపోతాయి. అలా వెర్రా కాస్తా గెర్రా అయింది. ఇదే వెర్రా ఉత్తర ఫ్రాన్సు యాసలో ‘వ’ పోగొట్టుకోకుండా ఉండి, ఇంగ్లండుకు వెళ్లి ‘వార్’ అయింది.

నమ్మకం కుదరకపోతే మీ ఇంట్లో ఫ్రిజ్ కాగితాలు తీయండి. ఒకచోట గ్యారంటీ, ఒకచోట వారంటీ అని ఉంటుంది. ఆ రెండూ ఒకే మూలంలోంచి వచ్చిన మాటలు. ఒకటి ‘గ’ దారిలో వచ్చింది, ఒకటి ‘వ’ దారిలో వచ్చింది. షాపువాడు మాత్రం రెంటికీ తేడా చెప్పి డబ్బులు గుంజుతాడు.

కాబట్టి ఇంగ్లీషులో వార్, గెరిల్లా చుట్టాలే. విడిపోయి వెయ్యేళ్లు దాటాక ఒకే ఇంట్లో మళ్లీ కలిశారు, ఒకరినొకరు గుర్తుపట్టలేదు.

అల్లరి అప్పిగాడు
మంగళవారం, ఉదయం 10:02

నాగమణిగారూ, ఒక మహా సత్యం కనిపెట్టాను. చిన్న కాలువ పిల్లకాలువ. చిన్న యుద్ధం గెర్ర పిల్ల. గెర్రపిల్ల... గెరిల్లా! స్పానిష్ మన తెలుగు నుంచే పుట్టిందని ఇప్పుడే వాట్సాప్‌లో పెట్టేస్తున్నా.

నిఘంటువు నాగమణి
మంగళవారం, ఉదయం 10:15

పెట్టకండి మహానుభావా, సాయంత్రానికి మా మేనమామ అదే నాకు ఫార్వర్డ్ చేస్తాడు. 😄

ఆ ‘ఇయ్యా’ తోక లాటిన్ ‘ఎల్లా’ నుంచి వచ్చింది. దాని పనితనం మీకు తెలియకుండానే మీరు రోజూ తింటున్నారు. వెనిల్లా ఐస్‌క్రీం ఉంది చూశారూ, ‘వైనా’ అంటే స్పానిష్‌లో ఒర, కాయ తొడుగు. ‘వైనియ్యా’ అంటే చిన్న కాయ. తోర్తియ్యా చిన్న రొట్టె. నౌకల చిన్న గుంపు ఫ్లోటిల్లా. దోమకూ ఇంగ్లీషు పేరు స్పెయిన్ పెట్టిందే, ‘మోస్కా’ అంటే ఈగ, ‘మోస్కీతో’ అంటే బుల్లి ఈగ. అక్కడ తోక వేరు, పని అదే.

మన ‘పిల్ల’ మాటకు ముందు చేరుతుంది, వాళ్ల తోక వెనక చేరుతుంది. పోలిక అంతవరకే.

ప్రూఫుల పంతులు
మంగళవారం, మధ్యాహ్నం 1:30

అన్నం తింటూ చదువుతున్నాను, చల్లారిపోయినా లేవలేదు. ఒక సందేహం. గెరిల్లా అంటే చిన్న యుద్ధం అయితే, మన వ్యాసాల్లో ‘ఇద్దరు గెరిల్లాలు పట్టుబడ్డారు’ అని రాస్తారే, ఇద్దరు చిన్న యుద్ధాలు పట్టుబడ్డారనా? పైగా ‘గెరిల్లా యుద్ధం’ అంటే ‘చిన్నయుద్ధపు యుద్ధం’ అవుతుంది కదా?

మాడ్రిడ్‌లో మనోడు
మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఇక్కడ మనిషిని ‘గెఱ్ఱియేరో’ అంటారు. ఆడమనిషి అయితే గెఱ్ఱియేరా. గెఱ్ఱీయా అనేది పోరాటానికో, గుంపుకో పేరు. ఒక మనిషిని పట్టుకుని గెఱ్ఱీయా అంటే ఎవరికీ అర్థం కాదు. ఇంగ్లీషువాళ్లు చేసిన తప్పే మనకు వచ్చింది.

నిఘంటువు నాగమణి
మంగళవారం, మధ్యాహ్నం 2:45

తప్పు అనేయడానికి నాకు మనసొప్పదు. స్పానిష్ అకాడమీ నిఘంటువులోనే గెరిల్లాకు ఒక పాత సైనిక అర్థం ఉంది. అసలు సేనకు ముందు వెళ్లి దారి చూసి, మొదటి చిన్నాచితకా కొట్లాటలు మొదలెట్టే తేలిక దళం అని. అంటే పోరాటం నుంచి గుంపుకు మాట స్పెయిన్‌లోనే జరిగింది. గుంపు నుంచి గుంపులో ఒకడికి జరిపింది ఇంగ్లీషు. మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘పోలీస్’ అంటే ఒక శాఖ. ‘ఇద్దరు పోలీసులు వచ్చారు’ అంటున్నాం, ఎవరికీ చెవిలో గుచ్చుకోవడం లేదు.

‘గెరిల్లా యుద్ధం’లో యుద్ధం రెండుసార్లు వచ్చిన మాట నిజమే. ‘మళ్లీ రిపీట్ చెయ్’ అన్నట్టు. కానీ స్పానిష్ వాళ్లే ‘గెర్రా దె గెరిల్లాస్’ అంటారు, చిన్న యుద్ధాల యుద్ధం అని. 1960లో చే గెవారా రాసిన పుస్తకం పేరే అది. కన్నవాళ్లకు లేని బాధ మనకెందుకు?

రిటైర్డ్ మాస్టారు
మంగళవారం, సాయంత్రం 5:20

ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి గురించి చెప్పకపోతే కథ సగమే. 1809లో స్పెయిన్ జుంటాకు ఇచ్చిన సలహా గురించి రాస్తూ ఈ మాటను మనుషుల అర్థంలో వాడినవాడు ఆర్థర్ వెల్లెస్లీ, తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్. నిఘంటువులు ఎత్తి చూపే తొలి ఇంగ్లీషు వాడుక అదే.

ఈ పెద్దమనిషి మనకు కొత్త కాదు. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లినప్పుడు ఆయన రెజిమెంటును హైదరాబాద్ నిజాం సేనతో కలిపి నడిపించారు. టిప్పు పోయాక ఢోండియా వాఘ్ అనేవాడు గుర్రపు దండుతో దక్కనంతా కలియతిరుగుతుంటే, 1800లో నెలల తరబడి వెంటాడి చంపింది ఈయనే. కనబడి మాయమయ్యే శత్రువు వెంట పడితే ఎంత అలుపొస్తుందో దక్కన్‌లోనే తెలిసొచ్చింది ఆయనకు. స్పెయిన్‌లో అదే పని తన పక్షంవాళ్లు చేస్తుంటే విలువ తెలియకుండా ఉంటుందా? ఇది నా ఊహ మాత్రమే సుమండీ.

ఘాట్ రోడ్ శీను
మంగళవారం, రాత్రి 8:15

అందరూ స్పెయిన్ స్పెయిన్ అంటున్నారు. శివాజీ చేసింది ఏంటి మరి? మన అల్లూరి చేసింది ఏంటి? ఇదంతా స్పెయిన్ వాళ్లు కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. మాది నర్సీపట్నం వైపు, దామనపల్లి ఘాట్ మీద బండి నడిపినవాడిని. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, మలుపు తిరిగేదాకా ఎదురుగా ఏముందో కనపడదు. 1922 సెప్టెంబరులో అక్కడే పోలీసుల ముందు వరసను పోనిచ్చి వెనక వచ్చిన ఇద్దరు తెల్ల అధికారులను కొట్టారు. ఇది నేర్పడానికి నెపోలియన్ రావాలా?

రిటైర్డ్ మాస్టారు
మంగళవారం, రాత్రి 8:50

శీనూ, నీ మాటతో నాకు పేచీ లేదు నాయనా. పద్ధతి పాతది, పేరే కొత్తది. మరాఠాలు దాన్ని ‘గనిమీ కావా’ అన్నారు. అంతకన్నా ముందు కౌటిల్యుడు యుద్ధాన్ని మూడు రకాలుగా విడదీసి ప్రకాశయుద్ధం, కూటయుద్ధం, తూష్ణీంయుద్ధం అన్నాడు. నడిమిది మోసపు దెబ్బ. గెరిల్లాకు తెలుగు మాట కావాలంటే కూటయుద్ధం దగ్గరగా ఉంటుందేమో గానీ, అందులో ఒక నింద ఉంది. స్పానిష్ మాటలో నింద లేదు, ‘చిన్న’ అంటుందంతే.

అల్లూరి విషయంలో నన్ను ఎప్పుడూ తికమక పెట్టేది ఇంకొకటి. ఆయన మిరపకాయ టపా పంపి ఫలానా చోటికి వస్తున్నానని ముందే చెప్పేవాడంటారు. దామనపల్లిలో చేసింది పక్కా గెరిల్లా దెబ్బే. కానీ చెప్పి వచ్చేవాణ్ని నెపోలియన్ నాటి స్పెయిన్ వాళ్లు ఏమనేవారో!

ఘాట్ రోడ్ శీను
మంగళవారం, రాత్రి 9:05

మగాడు అనేవారు మాస్టారూ.

పోస్టర్ పద్మ
బుధవారం, ఉదయం 11:30

ఆలస్యంగా వచ్చాను. ప్రకటనల రంగంలో ఉన్నాను. మా దగ్గర ‘గెరిల్లా మార్కెటింగ్’ రోజూ నోట్లో నానే మాట. చేతిలో డబ్బు తక్కువ, ఆలోచన ఎక్కువ ఉన్నప్పుడు చేసే ప్రచారం. 1984లో జే కొన్రాడ్ లెవిన్సన్ అనే అమెరికన్ ఆ పేరుతో పుస్తకం రాశాక పాకింది. మా ఆఫీసులో సగం మంది ఇంకా గొరిల్లా అనే అంటారు, ఒకసారి ప్రెజెంటేషన్‌లో బొమ్మ కూడా కోతిదే పెట్టారు.

కానీ పంతులుగారూ, ఈ తప్పు మన తెలుగువాళ్లది మాత్రమే అనుకుని సిగ్గుపడకండి. ఇంగ్లీషులో రెండు మాటలూ దాదాపు ఒకేలా పలుకుతారు. 1985లో న్యూయార్క్‌లో కొందరు ఆడ చిత్రకారులు ఒక గుంపు కట్టారు. పెద్ద మ్యూజియంలలో ఆడవాళ్ల బొమ్మలకు చోటెందుకు ఇవ్వరని రాత్రికి రాత్రి గోడలకు పోస్టర్లు అంటించేవారు. పేరు గెరిల్లా గర్ల్స్. ఎవరో తెలియకుండా ఉండాలి కదా, ముసుగు కావాలి. మొదటి రోజుల్లో ఒక సమావేశంలో ఒకావిడ గెరిల్లా అని రాయబోయి గొరిల్లా స్పెల్లింగు రాసిందట. అంతే, గొరిల్లా ముసుగులు తగిలించుకున్నారు. ఇప్పటికీ అవే.

అంటే ఒక అచ్చుతప్పు నలభై ఏళ్లుగా నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నారు. ప్రూఫ్ రీడర్‌గా మీరేమంటారు?

ప్రూఫుల పంతులు
బుధవారం, మధ్యాహ్నం 12:10

నా ఉద్యోగం పోయే మాటలు మాట్లాడకండి పద్మగారూ.

మాడ్రిడ్‌లో మనోడు
బుధవారం, సాయంత్రం 4:00

దారి తప్పుతున్నానేమో గానీ, స్పెయిన్ యుద్ధాల నుంచి తెలుగుకు ఇంకో మాట వచ్చింది. ‘పంచమాంగ దళం’, అంటే లోపలే ఉండి శత్రువుకు సాయపడేవాళ్లు. 1936 అంతర్యుద్ధంలో మాడ్రిడ్ మీదికి నాలుగు దళాలు వస్తున్నాయి, అయిదోది ఊరి లోపలే ఉందని తిరుగుబాటు సేనల జనరల్ మోలా అన్నాడని చెప్తారు. మనవాళ్లు దాన్ని తెచ్చుకునేటప్పుడు గెరిల్లాలాగా ఎత్తి పెట్టుకోలేదు. రథ, గజ, తురగ, పదాతి అని చతురంగ బలాలు ఉన్నాయి కదా, దాని పక్కన అయిదో అంగం కలిపారు. ఎవరు చేశారో గానీ చేతులకు మొక్కాలి.

నిఘంటువు నాగమణి
బుధవారం, సాయంత్రం 4:25

అవును, అది తెలుగు బట్ట కట్టుకుని వచ్చింది. గెరిల్లా తన బట్టలతోనే వచ్చేసింది, వచ్చేటప్పుడు దారిలో గొరిల్లాతో గుద్దుకుంది.

ప్రూఫుల పంతులు
ఆదివారం, రాత్రి 9:50

చివరి ముచ్చట చెప్పాలి, నవ్వకుండా చదవండి.

ఇక్కడ చదివిందంతా కూడబలుక్కుని పెద్దాయనకు ఫోన్ చేశాను. 1809, 1847 లెక్క చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆ బురద వాగు మనిషి పేరు ఇంకోసారి చెప్పు” అని రాసుకున్నారు. “సరే, నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో” అన్నారు. పొంగిపోయాను.

ఆ పొంగులో ఒక పని చేశాను. మా పేజీలన్నీ ఉండే ఫోల్డర్ తెరిచి, ‘గొరిల్లా’ ఉన్నచోటల్లా ‘గెరిల్లా’ రావాలని కంప్యూటర్‌కు ఒకేసారి చెప్పేశాను. ఇక జన్మలో ఈ తప్పు దొర్లదని చెయ్యి దులుపుకున్నాను.

అదే ఫోల్డర్‌లో ఆదివారం అనుబంధం పిల్లల పేజీ ఉన్న సంగతి గుర్తులేదు. రువాండా అడవుల మీద బొమ్మల కథనం. ఈ పొద్దున కాఫీ తాగుతూ పేపర్ తెరిస్తే, పెద్ద ఫోటో కింద ఇలా అచ్చయి ఉంది: “పిల్లను వీపున మోస్తూ వెదురు చిగుళ్లు తింటున్న కొండ గెరిల్లా.”

పొద్దున్నుంచి ఫోన్ ఆఫ్ చేసి కూర్చున్నాను.

అల్లరి అప్పిగాడు
ఆదివారం, రాత్రి 9:53

పర్లేదు పంతులుగారూ. మగ గెరిల్లా అయితే ఆ వీపున మోస్తున్నది గెర్రపిల్ల అయ్యుంటుంది.

ఘాట్ రోడ్ శీను
ఆదివారం, రాత్రి 9:58

ఆ పేజీ ఫోటో ఎవరైనా పెట్టండి బాబూ, మా ఇంటికొచ్చే పేపర్ వేరేది.